సమస్యాపూరణం: “వెనుక నున్నవాఁడె విజయి యయ్యె”

నిర్వహణ: జూన్ 3 ప్రపంచ సైకిల్ దినం. 2018లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ప్రకటించింది. బండ్లకు పూలు, జెండాలు, రంగుదీపాలు కట్టుకొని గుంపుగా నగరం చుట్టే సవారీయే ఈసారి మన వస్తువు. ఇచ్చినది ఆటవెలది పద్యం నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు కూర్చి మీ కలంపేరుతో పంపాలి. పందెమే లేని చోట విజయి ఎవరు? ఆయన వెనుక ఎందుకున్నాడు? ఆ చిక్కు విప్పండి.

కాలిబాట:
కాలు నేలఁ బెట్టకయె నిలుపుచు బండి
మెల్ల మెల్లగాను మేను త్రిప్పి
ముందుఁ జేరినట్టి మొనగాండ్రు నోడిరి
వెనుక నున్నవాఁడె విజయి యయ్యె.
సవారీ ముగిశాక మైదానంలో పెట్టే స్లో సైకిల్ పందెం నా ఊహ. అందరికన్నా ఆలస్యంగా గీత దాటినవాడిదే గెలుపు.

నిర్వహణ: ఊహ ముచ్చటగా ఉంది, యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరపు జోడీలు) కుదిరాయి. అన్వయమే తప్పింది. “త్రిప్పి” తర్వాత “మొనగాండ్రు నోడిరి” రావడంతో మేను తిప్పినది ఓడినవాళ్ళే అన్న అర్థం వస్తోంది. ఒకటో పాదాన్ని, మూడో పాదాన్ని తారుమారు చేయండి. రెండింటికీ గణాలు ఒకటే కాబట్టి అక్షరం మార్చనక్కరలేదు.

కాలిబాట: చేశాను గురువుగారూ, ఇప్పుడు సూటిగా నడుస్తోంది. ధన్యవాదాలు.

ఎదురుగాలి:
ఎదురుగాలిఁ గోసె నెవ్వాఁడొ ముందుండి
అలసిపోయె నతఁడె యంతలోన
చాటు నుండి శ్రమము చాల తగ్గించుక
వెనుక నున్నవాఁడె విజయి యయ్యె.

నిర్వహణ: “తగ్గించుక” వ్యావహారికం, ఈ పద్యపు భాషలో అతకదు. “చాలఁ దగ్గఁగ లేచి” అంటే గణమూ యతీ నిలుస్తాయి. నా అసలు అభ్యంతరం భావం మీద. గాలి అడ్డు వేగపు వర్గంతో పెరుగుతుంది, అందుకే జోరుగా తొక్కే పందేల్లో ముందువాడి చాటు అంత విలువైనది. పండగ సవారీలో పిల్లలూ పెద్దలూ కబుర్లాడుకుంటూ తొక్కుతారు. ఆ నడకలో చాటు వల్ల ఒరిగేది స్వల్పం. పైగా ముందువాణ్ణి అలసిపోనిచ్చి దాటిపోవడం నాకు మింగుడుపడలేదు. గుంపులో ముందు చోటు వంతులవారీగా మారాలి. ఆ వంతును పద్యంలోకి తెస్తే మరో మంచి పూరణ అవుతుంది, ప్రయత్నించండి.

చివరిచక్రం:
గొలుసు జారు చోటఁ గూర్చుండి సరిచేసి
గాలి పోవఁ బంపు గాలి కొట్టి
ఒకఁడు మిగులకుండ నూరెల్లఁ ద్రిప్పుచు
వెనుక నున్నవాఁడె విజయి యయ్యె.

కాలిబాట: బాగుందమ్మా! కానీ ఇందులో గెలిచినదేమిటి? పందెం లేదు, ప్రత్యర్థి లేడు.

చివరిచక్రం: అన్నగారూ, మూడో పాదంలోనే ఉంది. గుంపు పెద్దదైతే కూడలి దగ్గర ఎర్రదీపం పడి రెండు ముక్కలవుతుంది. ముందువాళ్ళకు ఆ సంగతి తెలియనే తెలియదు. తోక దగ్గర పంపు, ట్యూబు, పంచర్ సామాను పెట్టుకొని వచ్చే మనిషి ఉంటేనే కొత్తగా వచ్చినవాళ్ళు దారి తప్పరు. ఆయన్ని దాటి ఎవరూ వెనకబడకూడదన్నది సవారీ కట్టుబాటు. ఒక్కరు తగ్గినా ఆయన ఓడినట్టే.

నిర్వహణ: సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్నది ఈ మనిషే. ముందుండి దారి చూపేవారికి చప్పట్లు దొరుకుతాయి, తోకనున్నవారు చేరేసరికి జనం చెదిరిపోతారు. రెండో పాదంలో “గాలి” రెండుసార్లు వచ్చినా నాకు ఇంపుగానే ఉంది, పోయిన గాలే తిరిగి వచ్చింది కనుక.

ఆకుపచ్చదీపం:
ముందు దారి మూయ మూఁకయె వెనుదిర్గె
మొదట నున్నవాఁడు తుదకుఁ జేరె
తుదను మెల్లమెల్లఁ ద్రొక్కుచు వచ్చిన
వెనుక నున్నవాఁడె విజయి యయ్యె.

ఎదురుగాలి: రెండో పాదంలో “మొ”కు “తు”తో యతి చెల్లదు కదండీ?

ఆకుపచ్చదీపం: ప్రాసయతి వేశానండి. మొదట, తుదకు: రెండుచోట్లా రెండో అక్షరం “ద”, దానికి ముందున్నది లఘువే. ఆటవెలదిలో ఒప్పుతుంది.

నిర్వహణ: ఒప్పుతుంది. ఎక్కడా ఎవరినీ ఓడించకుండా బారునే తిప్పేసిన పూరణ ఇది, నాకు చాలా నచ్చింది. అయితే నిజం సవారీలో ఇలా వెనుదిరగాల్సి వస్తే అందరూ ఒక్కసారిగా తిరగకూడదు. చేయెత్తి, కేకవేసి, బారు పూర్తిగా ఆగాకే తిరగాలి. ఎదురుగాలి గారూ, వంతుల పూరణ కోసం చూస్తుంటాను.