ఎస్‌ఓపీ (పై చదువు ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం) మొదటి పేరా దగ్గరే ఆగిపోయా, సాయం చేయండి

రాత్రిగువ్వ: సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు పదకొండున్నర. బీఏ సైకాలజీ ఫైనలియర్. "చిన్నప్పటి నుంచీ మనుషుల మనసు నాకో పొడుపుకథ" అని రాయడం, కొట్టేయడం, ఇదే పని. డెడ్‌లైన్ నెత్తి మీదుంది. ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కుర్చీ: దేనికి?

లెక్కలమాస్టారు: ఎస్‌ఓపీ సంగతి తర్వాత. స్టాట్స్ వచ్చా? ఎస్‌పీఎస్‌ఎస్ అనే స్టాట్స్ సాఫ్ట్‌వేర్‌లో మెనూలు నొక్కి, పీ వాల్యూ 0.05 కన్నా తగ్గితే పండగ చేసుకుంటారు. అంటే ఏంటని అడిగితే "నల్ హైపాథసిస్ నిజమయ్యే అవకాశం" అంటారు. కాదు! నల్ అంటే అసలు తేడాయే లేదన్న ఊహ. అది నిజమే అనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కనబడే అవకాశం ఎంత అని. ముందు ఆర్ నేర్చుకోండి, కోడ్ రాసి స్టాట్స్ చేసే ప్రోగ్రామ్. ఉచితం. ఏం చేశారో ఫైల్లో వరసగా ఉంటుంది.

రాత్రిగువ్వ: సర్, నాది స్టాట్స్ డౌట్ కాదండీ. క్లినికల్ సైకాలజీకి అప్లై చేస్తున్నా.

కుర్చీ: పీహెచ్‌డీయా, సైడీయా (చికిత్స మీద ఎక్కువ దృష్టి పెట్టే డాక్టరేట్)?

లెక్కలమాస్టారు: సైడీలో రీసెర్చ్ ఏముంటుంది? క్లినికల్ వాళ్లు సైంటిస్టులు కూడా అయ్యుండాలని 1949లోనే అమెరికాలో బౌల్డర్ సదస్సులో తేల్చారు.

వెన్నెలపిట్ట: 1973లో వెయిల్ సదస్సు సైడీని ఆమోదించింది కూడా మాస్టారూ. అందులోనూ రీసెర్చ్ ఉంటుంది, పాళ్లు వేరు, అంతే. ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే గానీ, రాత్రిగువ్వా, ఏ ల్యాబ్‌లోనైనా పనిచేశావా?

రాత్రిగువ్వ: ఒక సెమిస్టర్ చేశా అక్కా. రియాక్షన్ టైమ్ డేటా, అంటే బొమ్మ కనబడ్డాక మీట నొక్కడానికి ఎంతసేపు పట్టిందో, అది క్లీన్ చేయడమే. అదేం పెద్ద పని కాదని రాయలేదు.

వెన్నెలపిట్ట: ఓరి దేవుడా, అదే కదా నీ మొదటి పేరా! 200 మిల్లీసెకన్ల లోపు నొక్కినవి తీసేసుంటావు కదా. బొమ్మ చూసి నొక్కడానికి ఆ టైమ్ చాలదు, ముందే ఊహించి నొక్కేశారన్నమాట. అది రాయి. చూడకుండా ఒకే మీట నొక్కుతూ పోయినవాళ్లని ఏం చేశావో రాయి. ఆ పొడుపుకథ వాక్యం తీసెయ్, అది అందరూ రాసేదే. పీహెచ్‌డీ అయితే ఏ ప్రొఫెసర్ దగ్గర చేయాలనుకుంటున్నావో పేరు రాయి, కానీ ఈ ఏడాది స్టూడెంట్లని తీసుకుంటున్నారో లేదో ల్యాబ్ పేజీలో చూసుకో. నీ ల్యాబ్ మేడమ్‌ని రికమండేషన్ అడిగావా?

రాత్రిగువ్వ: అయ్యో, లేదు. పొద్దున్నే అడుగుతా. థాంక్స్ అక్కా. పీహెచ్‌డీనే.

లెక్కలమాస్టారు: క్లీన్ చేసింది ఆర్‌లోనే కదా?

రాత్రిగువ్వ: ఎక్సెల్‌లో సర్.