వాల్వ్ దగ్గర గాలి దిగుతోంది: పిన్ను మారిస్తే చాలా, మొత్తం వాల్వే మార్చాలా?

గాలిమిత్ర:
కారు, ట్యూబ్‌లెస్ టైరు. 33 పీఎస్‌ఐ కొట్టిస్తే రెండు రోజులకల్లా 27కి దిగుతోంది. ట్రెడ్‌లో మేకూ లేదు, సీలా లేదు. వాల్వ్ మూతి మీద సబ్బునీళ్లు వేస్తే సరిగ్గా మధ్యలోంచి బుడగ లేస్తోంది. రబ్బరు వాల్వే, సెన్సర్ లేదు. ఏం చేయమంటారు?

పానా12:
బుడగ మూతి మధ్యలోంచి వస్తే తప్పు పిన్నుది (వాల్వ్ గొట్టంలో మరతో బిగించి ఉండి, గాలిని ఆపే చిన్న ముక్క). టైరు విప్పే పనే లేదు. ముందు చక్రం నేల వదిలేదాకా జాకీతో ఎత్తండి. బరువు టైరు మీదే ఉంచి పిన్ను తీస్తే టైరు చదునై బీడ్, అంటే రిమ్ముని పట్టి ఉండే టైరు అంచు, రిమ్మును వదిలేయవచ్చు, ఆ తర్వాత చిన్న పంపుతో గాలి ఎక్కదు. పిన్ను నొక్కిపట్టి గాలి మొత్తం వదిలాకే విప్పండి. లోపల ప్రెజర్ ఉండగా విప్పితే అది తూటాలా ఎగిరొచ్చి కంటికి తగలొచ్చు. వాల్వ్ కీ ఎడమకు తిప్పితే బయటికొస్తుంది.

తీసిన పిన్నును వెలుతురులో చూడండి. నడుమున సన్నని సీల్ రింగు, కింద చిన్న రబ్బరు సీల్ ఉంటాయి. ఆ కింది సీల్‌కి ఇసుక రేణువు ఒక్కటి అంటుకున్నా గాలి దిగుతూనే ఉంటుంది. వాల్వ్ లోపల శుభ్రంగా తుడిచి, కొత్త పిన్ను ముందు చేత్తో మరలో పడనిచ్చి తర్వాత కీతో బిగించండి. మళ్లీ గాలి కొట్టి సబ్బు వేసి చూడండి. అంతే.

స్టెప్నీ:
రబ్బరు వాషర్ ఉన్న మూత గట్టిగా బిగించినా ఆగుతుంది కదా?

పానా12:
ఆగొచ్చు. షాపుదాకా వెళ్లడానికి పనికొస్తుంది, అంతవరకే. గాలి కొట్టడానికి మూత తీసిన క్షణం నుంచి మళ్లీ మొదలు.

నల్లరబ్బరు:
పిన్ను మార్చి చేతులు దులుపుకోమనడం సగం వైద్యం. రబ్బరు వాల్వ్ అంటే ఇత్తడి గొట్టం చుట్టూ పోసిన రబ్బరు. ఎండకీ, ఓజోన్‌కీ, బ్రేకుల వేడికీ అది గట్టిపడి మొదలు దగ్గర, అంటే రిమ్ములోకి దిగే చోట, పగుళ్లిస్తుంది. చక్రం వేగంగా తిరిగేటప్పుడు వాల్వ్ బయటివైపు వంగుతుంది, పగులు నోరు తెరిచేది అప్పుడు. బండి ఆగాక మళ్లీ మూసుకుంటుంది. నిలబెట్టిన బండి మీద సబ్బు నురగ దాన్ని ఎలా పట్టిస్తుంది?

ఇంకొకటి, ‘కీతో బిగించండి’ అన్నారు. ఎంత? పిన్ను బిగింపు అర న్యూటన్ మీటరు చుట్టుపక్కలే. బలం పెట్టి తిప్పితే సీల్ నలిగిపోతుంది, కొత్త పిన్నే కారుతుంది.

పానా12:
రెండు వేళ్ల బలం అని రాయాల్సింది, ఒప్పుకుంటాను. మరి మొత్తం వాల్వే మార్చాలనే మీ పద్ధతిలో ప్రమాదాలు లేవా? బీడ్‌ని రిమ్ము నుంచి ఊడదీసేటప్పుడు అది చిరగొచ్చు. టైరు రిమ్ము మీద జరిగితే బ్యాలెన్సింగ్ పోతుంది. కొత్త వాల్వ్ వేసి రిమ్ము రంధ్రం చుట్టూ తుప్పు తుడవకపోతే మొదటికంటే ఎక్కువ కారుతుంది.

నల్లరబ్బరు:
అవన్నీ పని చేతకానివాళ్లు చేసే తప్పులు. వాల్వ్ ఉన్న వైపు బీడ్ ఒక్కటే దించితే చాలు, టైరు మొత్తం తీయనక్కర్లేదు. పాతదాన్ని కోసి లాగేసి, రంధ్రం రుద్ది శుభ్రం చేసి, రిమ్ముకి తగిన సైజు వేయాలి. 11.5 మి.మీ. రంధ్రానికి టీఆర్ 413 అనే సైజు వాల్వ్ సరిపోతుంది. సబ్బునీళ్లతో తడిపి నిటారుగా లాగితే టక్కున కూర్చుంటుంది. నూనె, గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

దూరప్రయాణం:
మెటల్ వాల్వ్, టీపీఎంఎస్ (టైరులో గాలి ఒత్తిడి చూపించే) సెన్సర్ ఉన్నవాళ్లకి ఒక మాట: అల్యూమినియం వాల్వ్‌లో నికెల్ పూత పిన్నే వేయండి. మామూలు ఇత్తడి పిన్ను తుప్పు పట్టి లోపలే బిగుసుకుపోతుంది.

పానా12:
నల్లరబ్బరు గారూ, ఎవరు ఏ లీకు అని వచ్చినా మీది ఒకటే సమాధానం: మొత్తం మార్చు. పోయిన నెల చర్చలోనూ ఇదే. కారేది ఎక్కడో చూడకుండా విప్పమనడం రోగం తెలియకుండా కోత పెట్టమన్నట్టే.

నల్లరబ్బరు:
చూడొద్దని నేనెక్కడ అన్నాను? నా అభ్యంతరం పిన్ను మీద కాదు. మీరు చివర్లో ‘అంతే’ అన్నారే, దాని మీద. లీకు ఆగడం వేరు, వాల్వ్ మీద భరోసా పెట్టుకోవడం వేరు. హైవే మీద వాల్వ్ మొదలు దగ్గర తెగితే గాలి మెల్లగా దిగదు, ఒక్కసారిగా పోతుంది. ఆయన వాల్వ్‌ని వంచి చూడమని మీరు ఒక్క ముక్క రాయలేదు.

పానా12:
అది నిజమే, రాయలేదు. గాలిమిత్ర గారూ, పూర్తి ప్రెజర్‌లోనే వాల్వ్ మొదలు దగ్గర సబ్బు వేసి, వాల్వ్‌ని వేలితో నాలుగు వైపులా మెల్లగా వంచండి. బుడగే కాదు, గీతలున్నాయేమో కూడా చూడండి.

గాలిమిత్ర:
చూశాను. వంచితే బుడగ రాలేదు. కానీ రిమ్ముని ఆనుకున్న చోట వెంట్రుకంత సన్నని గీతలు మూడు కనిపిస్తున్నాయి, వంచినప్పుడే తెరుచుకుంటున్నాయి.

నల్లరబ్బరు:
బుడగ రాకపోయినా మార్పించండి. కొత్త వాల్వ్‌కి పిన్ను దానితోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.

పానా12:
ఈ వాల్వ్ మార్చాల్సిందే, ఇందులో వాదన లేదు. బీడ్ దించే ముందు టైరు మీదా రిమ్ము మీదా ఎదురెదురుగా సుద్దతో గీత పెట్టించండి. పనయ్యాక గీతలు కలిస్తే టైరు జరగలేదన్నట్టు. తర్వాత మూతి, మొదలు, బీడ్ అంచు, మూడు చోట్లా సబ్బు వేసి చూడండి.

నల్లరబ్బరు:
పగులు కనపడకపోయినా, కొత్త టైరు వేసిన ప్రతిసారీ కొత్త వాల్వ్ పడాలి.

పానా12:
దానికీ సరే, అప్పుడు టైరు ఎలాగూ ఊడి ఉంటుంది. కానీ సగం అరిగిన టైరుని, గీత కూడా లేని వాల్వ్‌ని, పిన్ను కారుతోందన్న ఒక్క కారణంతో విప్పమంటే మాత్రం ఒప్పుకోను.