డిశ్చార్జ్ సమయంలో గుండె రోగికి మందుల గురించి ఎలా చెప్పాలి?

ప్రశ్న:
హృద్రోగ విభాగంలో నర్సుగా చేరి మూడు నెలలైంది. స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం) వేయించుకున్నవారికి మందుల చీటీ చూపించి అన్నీ వివరిస్తున్నాను, వారూ తల ఊపుతున్నారు. కానీ నిన్న పరీక్షకు వచ్చిన ఒకాయన, నాలుక కింద పెట్టుకోవలసిన నైట్రోగ్లిజరిన్ మాత్రను నీళ్లతో మింగుతున్నానని చెప్పేసరికి నా బోధన ఏపాటిదో తెలిసొచ్చింది. మీరు ఎలా చెబుతారు?

సమాధానం 1:
తల ఊపడాన్ని నేను లెక్కలోకి తీసుకోను. సీసా చేతికిచ్చి, "ఇప్పుడు ఛాతీ నొప్పి వచ్చిందనుకోండి, ఏం చేస్తారో చూపించండి" అంటాను. ఆ మాత్రతో రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు కాబట్టి ముందు కూర్చోవాలి, తర్వాత ఒక మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి, 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే అంబులెన్సును పిలవాలి. సిల్డెనాఫిల్ (అంగస్తంభన సమస్యకు వేసుకునే మాత్ర) వాడుతున్నారా అన్నది మాత్రం ఏకాంతంలో అడగండి. రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది, నలుగురిలో అడిగితే నిజం రాదు.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తాను. నాకు ఇంకా భయం కలిగించేది, "ఒంట్లో బాగానే ఉంది కదా" అని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మానేసేవారి విషయం. అలా మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టవచ్చు. పన్ను తీయించుకోవలసి వచ్చినా హృద్రోగ వైద్యుణ్ణి అడగకుండా ఆపవద్దని చెప్పండి.

సమాధానం 3:
మధుమేహం ఉన్నవారికి గుండెపోటు వచ్చినా నొప్పే రాకపోవచ్చు. ఆయాసం, చెమటలు, అకారణమైన నీరసం కూడా హెచ్చరికలేనని ఇంట్లోవారికీ చెప్పండి.