36 ఏళ్ల ఫుల్‌బ్యాక్‌ను జట్టులో ఉంచుకోవాలా?

పాలమూరు హాకీ (ప్రశ్న):

మహబూబ్‌నగర్‌లో పాత ఆటగాళ్లు, కాలేజీ పిల్లలు కలిసి ఆడే మా హాకీ జట్టుకు ఎంపిక బాధ్యత ఈసారి నా మీద పడింది. వచ్చే నెల టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద జరిగే టోర్నమెంటుకు 16 మందిని పంపాలి. 15 పేర్ల మీద ఎవరికీ అభ్యంతరం లేదు, చిక్కంతా చివరి పేరు దగ్గరే వచ్చింది. మా కుడివైపు ఫుల్‌బ్యాక్ (గోల్‌కీపర్ ముందు నిలిచి గోల్‌ను కాచే డిఫెండర్) అన్నకు 36 ఏళ్లు. బంతిని లాక్కోవడమే కాకుండా దానితో తానే మైదానం సగం దాటి ఫార్వర్డ్‌కు అందించి వచ్చేవారు. నిరుడు మోకాలి నొప్పి వచ్చినప్పటి నుంచి ఆ పరుగు తగ్గింది. ఆయన చోటుకు పోటీ పడుతున్న 19 ఏళ్ల కుర్రవాడు చాలా వేగంగా పరిగెత్తుతాడు, రోజూ అందరికన్నా ముందు గ్రౌండుకు వస్తాడు. ఇద్దరిలో ఎవరిని తీసుకోమంటారు?

నల్లగొండ లెఫ్ట్ హాఫ్:

అన్ననే తీసుకోండి, కానీ నాలుగు క్వార్టర్లూ ఆడించకండి. నల్లగొండలో ఇలాంటి ఫుల్‌బ్యాక్ ముందు నేను ఆరేళ్లు ఆడాను కనుక చూసిందే చెబుతున్నాను. ఎదుటి ఫార్వర్డ్ బంతితో మీదికి వస్తుంటే ఆయన ఎదురు పరిగెత్తేవారు కాదు. స్టిక్‌ను ఎడమ చేత్తో పట్టుకుని ఒక్కసారి ముందుకు పొడిచినట్టు చేసి వెనక్కి తీసుకునేవారు. ఆ బెదిరింపుకు ఫార్వర్డ్ తల దించి బంతిని చూసుకునేవాడు, అంతలోనే ఆయన అతన్ని సైడ్‌లైన్ వైపు తోసుకుపోయేవారు. బంతి చేతికి చిక్కేలోపే నాకు వెనక నుంచి "ఎడమకు, ఎడమకు" అని కేక వినిపించేది. లాక్కున్న బంతి ఎటు పోవాలో లాక్కోకముందే తెలిసి ఉండడమే ఈ రకం ఆటగాడి అసలు విలువ అని నా నమ్మకం, అది మోకాలితో పాటు పోయేది కాదు.

పెద్ద ఆటలోనూ ఇదే చూశాం. 2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో, బ్రిటన్ మీద ఆట 17వ నిమిషంలోనే మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మిగిలిన 40 నిమిషాలకు పైగా పది మందితోనే నెట్టుకురావలసి వచ్చినప్పుడు, నాలుగో ఒలింపిక్స్ ఆడుతున్న మిడ్‌ఫీల్డర్ మన్‌ప్రీత్ సింగ్ వెనక్కి వచ్చి డిఫెన్స్‌లో నిలబడ్డాడు. ఆట 1-1తో ముగిసి, షూటౌట్‌లో 4-2తో మనం గెలిచాం. రెండు పనులూ తెలిసిన అనుభవజ్ఞుడు ఒక్కడుంటే జట్టు ఆకారం చెదరకుండా నిలుస్తుందనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తోచదు. నిషేధం వల్ల రోహిదాస్ లేకుండా ఆడిన సెమీఫైనల్లో జర్మనీ చేతిలో 3-2తో ఓడిపోయాం. ఆ ఓటమికి అదొక్కటే కారణమని అనను, కానీ ఆ లోటు కనిపించింది.

వనపర్తి ఫార్వర్డ్:

అన్నా, మీ మాట గౌరవిస్తూనే ఒకటి చెప్పాలి. నేను ఇలాంటి ఫుల్‌బ్యాక్‌ల మీద గోల్స్ కొట్టినవాణ్ని. ఆయన బంతితో ముందుకు వెళ్లినప్పుడల్లా మేము ఆయన వదిలి వచ్చిన ఖాళీ కోసమే కాచుకుని ఉండేవాళ్లం. అది దొరికితే తలల మీదుగా లేపి పంపే ఒక్క ఓవర్‌హెడ్ బంతి చాలు, ఆయన వెనక్కి చేరేలోపు మేము గోల్ ముందుండే డీ ఆకారపు గీత లోపల ఉండేవాళ్లం. మట్టి గ్రౌండులో బంతి ఎగిరిపడుతూ నెమ్మదిస్తుంది కనుక కోలుకునే వ్యవధి ఉంటుంది, టర్ఫ్ మీద అది ఉండదు. అన్నను తీసుకుంటే తీసుకోండి, కానీ సగం గీత దాటవద్దని ముందే మాట తీసుకోండి. పాస్ ఇవ్వడానికి అంత దూరం పరిగెత్తనక్కరలేదు కదా.

గద్వాల అంపైర్:

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, అయితే ఒక నిబంధన మరచిపోతున్నారు. హాకీలో ఎన్నిసార్లైనా ఆటగాళ్లను మార్చుకోవచ్చు కానీ, పెనాల్టీ కార్నర్ (డిఫెండర్ల తప్పుకు ఎదుటి జట్టు గోల్ పక్క గీత నుంచి బంతిని లోపలికి నెట్టి గోల్‌కు ప్రయత్నించే అవకాశం) ఇచ్చినప్పటి నుంచి అది పూర్తయ్యేదాకా మార్పిడి కుదరదు, డిఫెండ్ చేసే గోల్‌కీపర్‌కు గాయమైతేనో సస్పెన్షన్ పడితేనో తప్ప. దాన్ని అడ్డుకోవడానికి గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురే గోల్ గీత వెనుక ఉండాలి. ఆ సమయానికి మీ అన్న బెంచీ మీద ఉంటే ఆయన అనుభవం మీకు అక్కరకు రాదు. అందుకే బంతి మీ డీ చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆయనను బయటికి పిలవకండి, మీ జట్టు ఎదుటివారి సగంలో ఒత్తిడి పెడుతున్నప్పుడే విశ్రాంతి ఇవ్వండి. ఇంకొక మాట, కార్నర్‌కు మొదట ఎదురు పరిగెత్తే పనికి నొప్పి ఉన్న మోకాలిని పంపడం అన్యాయం. ఆయనను గోల్‌పోస్ట్ దగ్గర నిలబెట్టి, ఆ పరుగు కాళ్లలో సత్తువ ఉన్నవారికి అప్పగించండి.

పాలమూరు హాకీ:

మీ అందరికీ కృతజ్ఞతలు. 16వ పేరుగా అన్ననే రాశాను. సగం గీత సంగతి అడగడానికి మొహమాటపడ్డాను కానీ, ఆయనే ముందుగా "నేను ఇక అటు దాకా పోనులే, బంతినే పంపుతా" అన్నారు. కుర్రవాడికి నేనే స్వయంగా చెప్పాను, కాస్త చిన్నబుచ్చుకున్నాడు. నిన్న సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక చూస్తే ఇద్దరూ గ్రౌండులోనే ఉన్నారు. అన్న ఎడమ చేత్తో స్టిక్ పొడిచి వెనక్కి తీస్తూ ఉంటే, కుర్రవాడు ఆయన మణికట్టు వైపే చూస్తూ మళ్లీ మళ్లీ చేస్తున్నాడు.