ఇంట్లో కేజన్ మసాలా పొడి: ఉప్పు కలిపి ఉంచాలా, విడిగా వేసుకోవాలా?

పెసరట్టు_బేటన్‌రూజ్

అందరికీ నమస్కారం. మేము అమెరికాలోని లూసియానాకు వచ్చాక జంబలాయా (మాంసం, సాసేజీ వేసి వండే మసాలా అన్నం), గంబో (చిక్కటి పులుసులాంటి కూర) మా ఇంటి వంటల్లో చేరిపోయాయి. మావారికి రక్తపోటు ఉన్నందువల్ల డాక్టరు గారు సోడియం బాగా తగ్గించమన్నారు. దుకాణాల్లో దొరికే క్రియోల్ మసాలా డబ్బాల్లో చాలావాటి మీద పదార్థాల జాబితాలో మొదటి పేరు ఉప్పే. అందుకని పొడిని ఇంట్లోనే కలుపుకోవాలని ఉంది. పాళ్లు ఎలా ఉండాలి, కయెన్ (ఘాటైన ఎర్ర మిరప పొడి) బదులు మన గుంటూరు కారం వాడవచ్చా, కలిపిన పొడి ఎన్నాళ్లు నిలవ ఉంటుంది? విజయనగరంలో ఉన్న మా చెల్లెలు కూడా చేసుకుంటానంటోంది కానీ, తనకు అక్కడ థైమ్ దొరకడం లేదు.

లఫయెట్_వాసి

నేను చాలా ఏళ్లుగా లఫయెట్‌లో రెస్టారెంటు వంటగదిలో పనిచేస్తున్నవాణ్ని కాబట్టి ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. కేజన్, క్రియోల్ ఒకటి కావు. బ్రిటిష్ వారు 1755లో మొదలుపెట్టి నోవా స్కోషియా ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన అకేడియన్ల సంతతి కేజన్లు. వారిది పల్లె వంట, అందులో మిరియాలదీ మిరపదీ పెత్తనం. క్రియోల్ వంట న్యూ ఆర్లీన్స్ నగరానిది. ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికన్ పద్ధతులు కలిసిన ఆ వంటలో టమాటా ఉంటుంది, పొడిలో ఒరెగానో, థైమ్, బేసిల్ వంటి ఎండు ఆకుల వాటా ఎక్కువగా ఉంటుంది.

లూసియానాలోని ఓపలూసస్‌లో పుట్టిన వంటమాస్టరు పాల్ ప్రూడోమ్ 1979లో న్యూ ఆర్లీన్స్‌లో రెస్టారెంటు తెరిచి కేజన్ వంటను దేశమంతటికీ పరిచయం చేశారు. ఆయన కయెన్, నల్ల మిరియాలు, తెల్ల మిరియాలు మూడూ కలిపి వాడేవారు. తెల్ల మిరియాలు లేని పొడిని నేను కేజన్ పొడిగా లెక్కించను. ఇక ఉప్పు పొడిలోనే ఉండాలి. చేపకు పట్టించేటప్పుడు ఉప్పు, ఘాటు కలిసి సమంగా అంటుకోవాలంటే వేరే దారి లేదు.

కొలతల_కామేశ్వరి

లఫయెట్ గారూ, అడిగినావిడ రక్తపోటు గురించి అడిగారు, మీరు చరిత్ర చెప్పి చివరికి ఉప్పు కలపమన్నారు. ఒక చిన్న చెంచా ఉప్పు సుమారు 6 గ్రాములు తూగుతుంది, అందులో సోడియం దాదాపు 2,300 మిల్లీగ్రాములు. అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాలు ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజు మొత్తానికి విధించిన పరిమితి అంతే. జంబలాయాలో వేసే ఆండూయీ సాసేజీలో ఉప్పు ఉంది, కొన్న చికెన్ స్టాకులో (కోడి ఎముకలు ఉడికించిన రసంలో) ఉప్పు ఉంది, ఇంక పొడిలోనూ ఉంటే ఆ కుటుంబం లెక్క ఎక్కడ చూసుకోవాలి?

నేను వాడే పాళ్లు ఇవి: తీపి పాప్రికా (ఘాటు లేని ఎర్ర మిరప పొడి) మూడు పెద్ద చెంచాలు, వెల్లుల్లి పొడి రెండు, ఉల్లి పొడి, కయెన్, నల్ల మిరియాల పొడి, ఎండు ఒరెగానో, ఎండు థైమ్ ఒక్కొక్క పెద్ద చెంచా, తెల్ల మిరియాల పొడి ఒక చిన్న చెంచా. ఉప్పు లేదు. క్రియోల్ రుచి కావాలనుకున్నవారు కయెన్ సగానికి తగ్గించి, ఒక పెద్ద చెంచా ఎండు బేసిల్ చేర్చుకోవాలి.

లఫయెట్_వాసి

కామేశ్వరి గారూ, పుస్తకంలో లెక్కలు వేరు, పొయ్యి దగ్గర పని వేరు. రాత్రి రద్దీలో ప్రతి చేప ముక్కకూ ఉప్పు విడిగా, పొడి విడిగా చల్లితే ఒక ముక్క చప్పగానూ మరొకటి మరీ ఉప్పగానూ వస్తుంది.

కొలతల_కామేశ్వరి

అది రెస్టారెంటు ఇబ్బంది, మా వంటింటిది కాదు. అంతేకాక మీరు గమనించవలసిన విషయం ఇంకొకటుంది. ఉప్పు రవ్వ మసాలా పొడి కన్నా బరువైనది కనుక, సీసాను తీసి పెడుతూ ఉన్నకొద్దీ అడుగుకు దిగుతుంది. పైన తీసిన చెంచాకు, అడుగున తీసిన చెంచాకు ఉప్పదనంలో తేడా నాలుకకే తెలుస్తుంది. ఆ పైన, ఉప్పుల్లోనూ తేడాలున్నాయి. ఇక్కడ దొరికే గరుకు కోషర్ ఉప్పుల్లో కొన్ని ఒక పెద్ద చెంచాకు మామూలు సన్న ఉప్పులో సగం బరువే తూగుతాయి. ఎవరో ఒక ఉప్పుతో రాసిన పాళ్లను ఇంకొకరు మరో ఉప్పుతో కలిపితే పొడి మొత్తం పాడవుతుంది. అర కిలో చేపకు ముప్పావు చిన్న చెంచా సన్న ఉప్పు ముందుగా రాసి, పావుగంట ఆగి, ఆ తడి మీద పొడి అద్దితే చక్కగా పట్టుకుంటుంది. రక్తపోటు ఉన్నవారు అందులో సగమే వేసుకుని దించాక నిమ్మరసం పిండుకోవాలి.

హ్యూస్టన్_శ్రీను

మీ ఇద్దరి వాదన మధ్య పాప్రికా గురించి ఎవరూ మాట్లాడలేదు. మా హ్యూస్టన్‌లో తెలుగువారి విందుల్లో పొగ పట్టించిన స్పానిష్ పాప్రికా వేసి, కేజన్ పొడి అని వడ్డిస్తున్నారు. లూసియానా వంటలో పొగ వాసన ఆండూయీ నుంచి, టాసో అనే పొగ పట్టించిన పంది మాంసం నుంచి రావాలి, పొడి నుంచి కాదు. రెండు చోట్ల నుంచీ పొగ వస్తే మిరియాల రుచి మరుగున పడిపోతుంది.

క్రాఫిష్ (పెద్ద రొయ్యలాంటి మంచినీటి జీవి) ఉడకబెట్టడానికి కూడా ఈ పొడే వేస్తున్నవారున్నారు, అదీ సరికాదు. ఆ నీళ్లలో వేసేది వేరే మసాలా. ఆవాలు, ధనియాలు, మిరప, బిర్యానీ ఆకు, డిల్ (సోయకూర) గింజలు, ఆల్‌స్పైస్ దినుసులుగానే పడాలి. ఇక్కడి వియత్నామీ హోటళ్లవారు ఉడికిన క్రాఫిష్‌ను వెల్లుల్లి వెన్నలో తిప్పి ఇస్తారు, కేజన్ పొడి సరిగ్గా కుదిరేది ఆ వెన్నలో.

ఏలూరు_పొడులు

మా అమ్మమ్మగారి కాలం నుంచి మా ఇంట్లో కందిపొడి, కరివేపాకు పొడి, సాంబారు పొడి దినుసులు వేయించే కొడతాం. వేయించకుండా కలిపిన పొడికి పచ్చివాసన పోదు. ఈ కేజన్ పొడిలో మిరియాలైనా వేయించి వేయమని నా గట్టి అభిప్రాయం.

లఫయెట్_వాసి

దయచేసి వేయించకండి. మన పొడి వేడి అన్నంలో నెయ్యితో నేరుగా కలుపుకుంటాం, అందుకే ముందే వేయించాలి. ఈ పొడి ఎలాగూ నూనెలోనో వెన్నలోనో మరోసారి వేగుతుంది. బ్లాకెన్డ్ చేపకు ఇనుప పెనం పొగలు కక్కేదాకా కాల్చి, కరిగిన వెన్నలో ముంచిన ముక్కకు పొడి అద్ది వేస్తాం. ఒక్క నిమిషంలో వెన్నలోని పాల పదార్థం, పొడి కలిసి నల్లటి పొరగా మారతాయి. ముందే వేయించిన పొడి అక్కడ మాడి చేదెక్కుతుంది, అన్నిటికన్నా ముందు మాడేది వెల్లుల్లి పొడి.

ఏలూరు_పొడులు

పొగలు కక్కే పెనం సంగతి మీరు చెప్పారు, జంబలాయా అన్నంలోకి వేసే పొడి సంగతి చెప్పలేదు. అందులో నీళ్లు పోసి మూత పెడతారు కదా, అక్కడ పచ్చివాసన ఎలా పోతుంది?

లఫయెట్_వాసి

ఉల్లి, సెలెరీ, క్యాప్సికం ముక్కలను నూనెలో వేయించేటప్పుడే పొడిలో సగం వేయాలి, మిగిలిన సగం స్టాకు పోసేటప్పుడు వేయాలి. పచ్చివాసన ఆ నూనెలోనే పోతుంది. పెసరట్టు గారూ, జంబలాయాకు పేరుపడ్డ గొంజాలెస్ ఊరు మీ బేటన్‌రూజ్ పక్కనే ఉంది. అక్కడ పెద్ద ఇనుప కడాయిల్లో టమాటా లేకుండా గోధుమ రంగులో వండుతారు, ఒకసారి దగ్గర నిలబడి చూడండి.

గుంటూరు_మిరపరైతు

మిరప మాట వచ్చింది కాబట్టి నేను చెప్పాలి. ఘాటులో మా గుంటూరు సన్నాల మిరపకు, కయెన్‌కు పెద్ద తేడా లేదు. రెండూ స్కోవిల్ కొలతలో ముప్పై వేలు దాటేవే. అందువల్ల కయెన్ బదులు సన్నాల కారం అంతే కొలతకు వేయవచ్చు. కానీ ఇంట్లో ఉన్న కూర కారం వేయకూడదు. అందులో మెంతులు, ధనియాలు, జీలకర్ర కలిపి మర పట్టిస్తాం, ఆ మెంతి వాసన వస్తే అది కేజన్ పొడి కానే కాదు. తొడిమలు తీసి, ఎండబెట్టి, మిరపకాయలు మాత్రమే పట్టించిన కారం కావాలి. పాప్రికా స్థానంలో బ్యాడిగి కాయ కానీ, మా తెలంగాణ సోదరులు పండించే వరంగల్ చపాటా కాయ కానీ గింజ తీసి పొడి చేసుకోవాలి. రెండింటికీ రంగు నిండుగా ఉంటుంది, ఘాటు తక్కువ. పాప్రికా కొలతకు కూడా సన్నాల కారమే వేస్తే నోట పెట్టలేరు.

సుగంధి

విజయనగరం చెల్లెలి ప్రశ్నను అందరూ దాటేశారు. థైమ్‌కు ఆ వాసన ఇచ్చేది థైమాల్, మన వాములో ఉన్నదీ అదే. వాము చాలా ఘాటుగా ఉంటుంది కనుక ఒక పెద్ద చెంచా థైమ్‌కు పావు చిన్న చెంచా వాము మెత్తగా నూరి వేస్తే చాలు. అంతకు మించితే జంతికల వాసన వస్తుంది.

పెసరట్టు_బేటన్‌రూజ్

కామేశ్వరి గారి పాళ్లు కలిపాను, ఉప్పు విడిగానే వేస్తాను. నిలవ సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇక్కడి ఉక్కకు ఉల్లి పొడి ఊరికే గడ్డ కడుతోంది. పైగా, మా పక్కింటి లూసియానా ఆవిడ ఫిలే పొడి కూడా ఇందులోనే కలిపేయమంటున్నారు.

సుగంధి

ఫిలే కలపవద్దు. అది సాసఫ్రాస్ చెట్టు ఆకుల పొడి, చాక్టా తెగవారు ఇచ్చినది. గంబో పొయ్యి మీద నుంచి దించాక వేయాలి. ఉడుకుతుండగా వేస్తే జిగురై తీగలు సాగుతుంది. వేగవలసిన పొడిలో దాన్ని కలిపితే దానికీ నష్టం, దీనికీ నష్టం.

ఇక గడ్డ కట్టడానికి కారణం వెల్లుల్లి, ఉల్లి పొడులు గాలిలోని తేమను పీల్చుకోవడమే. సీసాను ఆవిరి వస్తున్న గిన్నె మీద వంచి చల్లకండి, తడి లేని చెంచాతో తీసి వేయండి. మెత్తటి వెల్లుల్లి పొడి కాక సన్న రవ్వలా ఉండే రకం దొరికితే అది త్వరగా గడ్డ కట్టదు, పెనం మీద త్వరగా మాడదు. రంగు వెలిసేది వెలుతురు వల్ల కనుక సీసాను బీరువాలో పెట్టాలి. ఆరు నెలల్లో వాడేసేంత మాత్రమే కలుపుకోండి. పొడిని అరచేతిలో వేసి నలిపి చూసినప్పుడు థైమ్ వాసన రాకపోతే అది ఇక వంటకు పనికిరాదు.

లఫయెట్_వాసి

నిలవ గురించి సుగంధి గారు చెప్పినదంతా సరైనదే. ఉప్పు విషయంలో మాత్రం నా మాట నేను మార్చుకోను.

కొలతల_కామేశ్వరి

మార్చుకోనవసరం లేదు. మీ చేపకు మీరు కలుపుకోండి. పెసరట్టు గారూ, ఈ వారం జంబలాయాకు ఉప్పు లేని స్టాకు ఇంట్లోనే కాచి, సాసేజీ ముక్కలు ఉడికాక ఒకసారి రుచి చూసి, అప్పుడు మాత్రమే చిటికెడు వేయండి.