విదేశంలో తొలి ఉత్సాహం తగ్గాక అక్కడి జీవితానికి అలవాటు పడటం ఎలా?

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా విదేశంలో ఉంటున్న నాకు, వచ్చిన కొత్తలో ఆసక్తికరంగా తోచిన విషయాలే ఇప్పుడు అలసట కలిగిస్తున్నాయి. ఇల్లు, బ్యాంకు ఖాతా, ప్రయాణాల వంటివి ఎలాగో కుదిరాయి. కష్టమంతా మనుషులతోనే వస్తోంది. సహోద్యోగి ‘ఎప్పుడైనా ఇంటికి రండి’ అన్నప్పుడు అది నిజమైన ఆహ్వానమో, మాటవరసకు అన్నదో పోల్చుకోలేకపోతున్నాను. పొరుగువారిని పలకరిస్తే అతిచొరవ అనుకుంటారో, పలకరించకపోతే పొగరనుకుంటారో తెలియక, తల వంచుకుని వెళ్లిపోయే రోజులే ఎక్కువ.

అమెరికాలో ఫుల్‌బ్రైట్ అనే ఉపకారవేతన పథకం సహాయంతో ఉండి వచ్చిన నార్వే దేశీయులను అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్, 6 నెలల లోపు ఉన్నవారికన్నా, 18 నెలలు దాటినవారికన్నా, ఆ మధ్యకాలం ఉన్నవారే సర్దుకోవడంలో ఎక్కువ ఇబ్బంది పడ్డారని 1955లో రాశారు. (అందరి అనుభవమూ ఈ వరసలోనే నడవదని తరువాతి పరిశోధకులు అన్నారు.) అది కొంత ఊరటనిచ్చినా, కాలమే అన్నీ చక్కబెడుతుందని చేతులు ముడుచుకుని కూర్చోవడం నాకు సబబుగా తోచడం లేదు.

అందువల్ల అనుభవజ్ఞులను అడుగుతున్నాను. మన భాషవారితో గడిపిన సమయం మీకు బలమిచ్చిందా, లేక స్థానికులతో కలవకుండా అడ్డుపడిందా? అక్కడి మర్యాదల గురించి పరిచయస్తులను సూటిగా అడగవచ్చా? భాషా తరగతి, స్వచ్ఛంద సేవ, క్రీడా బృందం వంటివాటిలో ఏది మీ పరిచయాలను స్నేహం దాకా తీసుకెళ్లింది? మీరు అక్కడ ఎంతకాలం ఉన్నారో, ఒంటరిగానా కుటుంబంతోనా అన్నది కూడా తెలియజేస్తే, నా పరిస్థితితో పోల్చి చూసుకోగలను.