‘బంద్ చేశాను’ అంటే ఏది చేసినట్టు?

పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడుతూనే మేము ‘బంద్’ అనే మాటను అన్నిటికీ వాడేస్తాం. కొట్టు బంద్, ఫ్యాను బంద్, కంప్యూటర్ బంద్. ఒడియాలో ‘బంద్ కరిబా’ అంటే మూయడమూ అదే, ఆపడమూ అదే. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు కదా, ఆ మాట మా నోటికి పట్టింది. అందులో తప్పేమీ లేదు. క్లోజ్, లాగవుట్, షట్‌డౌన్ మూడింటినీ అదే మాటతో చెప్పుకోవడం వల్లే చిక్కు.

పోయిన వారం మా పెద్దమ్మ నెట్ దుకాణంలో మెయిల్ చూసుకుని వచ్చి, ‘బంద్ చేశానురా’ అంది. అనుమానం వచ్చి వెంటనే వెళ్లాను. పైన మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి వచ్చేసింది. బ్రౌజర్ తెరవగానే ఆమె ఉత్తరాలన్నీ తెర మీదే ఉన్నాయి.

ఇంటికొచ్చి ఆమెకు ఇలా చెప్పాను. క్లోజ్ అంటే తలుపు దగ్గరగా వేయడం, ఎవరు తోసినా తెరుచుకుంటుంది. లాగవుట్ అంటే తాళం వేసి చెవి బొడ్లో దోపుకోవడం. షట్‌డౌన్ అంటే ఇంట్లో దీపాలన్నీ ఆర్పేయడం. దీపాలు ఆర్పినంత మాత్రాన తాళం పడదు పెద్దమ్మా!

‘లాగ్’ అంటే దుంగ. పూర్వం ఓడ వేగం కొలవడానికి తాడు కట్టిన కొయ్యముక్కను సముద్రంలోకి వదిలేవారు. ఆ లెక్కలు రాసే పుస్తకం లాగ్‌బుక్ అయింది. లాగిన్ అంటే వచ్చినట్టు రాయించుకోవడం, లాగవుట్ అంటే వెళ్లినట్టు రాయించుకోవడం. రాయించకుండా వచ్చేస్తే లెక్క ప్రకారం మనమింకా లోపలే ఉన్నట్టు.

బరంపురం నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న: మాస్టారూ, కొన్నిచోట్ల సైన్ అవుట్ అని ఉంటుంది. సైన్ అప్ అనీ కనిపిస్తుంది. అన్నీ ఒకటేనా?

జవాబు: సైన్ అవుట్, లాగవుట్ ఒకటేనమ్మా. సైన్ అప్ మాత్రం వేరు. కొత్తగా ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారి నొక్కేది అది. ఆ తర్వాత ఎప్పుడూ సైన్ ఇన్, అంటే లాగిన్. పిల్లవాణ్ని బడిలో చేర్చేది ఒకసారే, హాజరు మాత్రం రోజూ పలకాలి. పాస్‌వర్డ్ మరిచిపోయి సైన్ అప్ నొక్కేవాళ్లను చాలామందిని చూశాను. కొత్త ఖాతా ఖాళీగా తెరుచుకుంటుంది, పాత ఉత్తరాలు పోయాయని కంగారుపడతారు. అవి పాత ఖాతాలో భద్రంగానే ఉంటాయి. అలాంటప్పుడు సైన్ ఇన్ దగ్గరే, పాస్‌వర్డ్ మరిచిపోయారా అని అడిగే వరుసను నొక్కండి.